ఋణమును ప్రత్యయమును

మా నల్లమాడలో మా యొద్ద తొమ్మిది, పది తరగతులు చదివిన పిల్లవాడొకడు బెంగుళూరికి పోయి, అచ్చట ఒక కర్మాగారమున ఏడేండ్లు నెలజీతమునకు పనిచేసి, ఆ పని విడిచి వచ్చి కదిరిలో మోటారు వైండింగు దుకాణము పెట్టుకొనెను. ఈ ప్రాంతమున ఆ వృత్తికి పని కొఱత లేదు. నీరు అడుగంటిన బోరులో మోటారు వట్టిగా తిరిగి కాలిపోవును. కరెంటు హెచ్చుతగ్గులుగా వచ్చినపుడును కాలిపోవును. పదిమందిని ఏడిపించు కఱవు ఒకనికి కూడు పెట్టుట లోకమున క్రొత్త గాదు. తల్లియు, భార్యయు, ఇద్దరు బిడ్డలును నల్లమాడలోనే తాతలనాటి యింటిలో నుండిరి. అతడు తెల్లవాఱగనే బస్సెక్కి పోయి రాత్రి కడపటి బస్సునకు తిరిగి వచ్చుచుండెను. తండ్రి యిల్లు చేరునప్పటికి బిడ్డలు నిద్రపోవుచుందురు. వారు లేవకమున్నే అతడు వెడలిపోవును. కావున కదిరిలో ఇరువదియైదు లక్షలకు అమ్మకమునకు వచ్చిన చిన్న యింటి నొకదానిని చూచుకొని, తాను కూడబెట్టిన ఐదు లక్షలు పోగా తక్కిన ఇరువది లక్షలకై యొక బ్యాంకునకు పోయెను.

బ్యాంకువారు అతనిని కూర్చుండబెట్టి మర్యాదగనే మాటాడిరి. దుకాణము పెట్టి పదునాలుగు నెలలే యైనది, ఆదాయపు పన్ను రిటర్ను ఒక్కటే యున్నది, ఇంక రెండేండ్ల రిటర్నులు చేరిన పిమ్మట రమ్మనిరి. అతడు నేరుగా మా యింటికి వచ్చెను.

"నేను అదే మనిషినే కద సార్. కంపెనీలో ఇరవై రెండు వేల జీతమున్నప్పుడు వాళ్లే ఫోను చేసి లోను కావల్నా అని అడుగుతా ఉండ్రి. ఇప్పుడు నెలకు నలభై వేలు మిగులుతా ఉంటే రెండేండ్లు ఉండి రమ్మంటాండారు" అనెను.

ఇది జరిగి రెండేండ్లు కావచ్చినది. నాటినుండి ఆ మాటను మేము మనస్సులో త్రిప్పుచునే యున్నాము. మనుష్యుడు అతడే, చేతిపని పెరిగినది, రాబడి రెట్టింపునకు దగ్గఱయైనది, లోకమునకు అతనిపై నున్న నమ్మకము మాత్రము తఱిగినది. ఇది న్యాయమా? న్యాయము గాదేని ఆ యన్యాయము చేసినవారెవరు? గృహస్థులైన మా పాఠకులలో అప్పు ఎఱుగనివారుండరు గనుక ఈ ప్రశ్నను వారి యెదుట పెట్టుచున్నాము.

ముందుగా మా సంగతి చెప్పుకొనుట ధర్మము. 2013లో మేమును ఇంటికై ఋణము తీసికొంటిమి. మూడు నెలల జీతపు చీటీలును, ఫారము 16ను ఇచ్చితిమి. కొలది దినములలో సొమ్ము మంజూరయ్యెను. మా గుణగణములను గుఱించి యెవరును విచారింపలేదు. విచారించియుండినచో మా గృహిణి కొన్ని ముచ్చటలు చెప్పగలిగియుండును: జీతము వచ్చిన దినముననే పుస్తకముల యంగడికి పోవుట, బీమా కిస్తు గడువు మఱచుట, అడిగినవానికెల్ల చేబదులిచ్చి తిరిగి యడుగుటకు సిగ్గుపడుట. డబ్బు విషయమున మా శిష్యుడు మాకంటె పదిరెట్లు జాగ్రత్త గలవాడు. ఐనను మా మాట చెల్లినది, అతని మాట చెల్లలేదు. ఏలననగా మా పక్షమున మాటాడినది మేము గాము; ప్రభుత్వము మాటాడినది. జీతగానిని నమ్ముచున్నామనువారు నిజమునకు వానికి జీతమిచ్చువానిని నమ్ముచున్నారు. నిన్నటివఱకు మా శిష్యునకు సాక్షి ఒక కంపెనీ. నేడు తనకు తానే సాక్షి. తన వ్యాజ్యెమున తానే సాక్ష్యము చెప్పువానిని ఏ న్యాయస్థానమైనను రెండు ప్రశ్నలు ఎక్కువగనే యడుగును.

జీతమైనను శిలాశాసనము గాదు. 2020లో మహమ్మారి వచ్చినపుడు బెంగుళూరినుండి మూటలతో తిరిగి వచ్చిన జీతగాండ్రను మా యూరి బస్‌స్టాండులో మేము కన్నులార చూచితిమి. ఆ యేడు మార్చి 1 మొదలు ఆగస్టు 31 వఱకు కిస్తుల చెల్లింపును వాయిదా వేసికొనుటకు రిజర్వు బ్యాంకు అవకాశము కల్పింపవలసి వచ్చెను. జీతపు చీటీ చెప్పునది నిన్నటి సంగతి. రేపటి సంగతి దానికిని తెలియదు.

మఱియొకటి. ఈ పీఠభూమిలో 'స్వయముపాధి' యను మాట క్రొత్తదే గాని ఆ స్థితి క్రొత్తది గాదు. అనంతపురము జిల్లానుండి విడివడి 2022 ఏప్రిల్ 4న శ్రీ సత్యసాయి జిల్లాలో చేరిన మా మండలమున సాలుకు కురియు వాన రమారమి 550 మిల్లీమీటర్లు. అదియు తన యిష్టము వచ్చినపుడు వచ్చును. శెనక్కాయ విత్తిన రైతునకు నెలజీత మెవరిచ్చిరి? ధర్మవరపు మగ్గముమీద పట్టుచీర నేయువానికి నెలజీత మెవరిచ్చిరి? తాతముత్తాతలనుండి వీరందఱును తమకు తామే యజమానులై, తమకు తామే కూలీలై బ్రదికినవారు. నెల మొదటి తేదీన సొమ్ము చేతబడు మావంటివారే ఈ నేలపై వింతమనుష్యులము. ఐనను నేటి గృహఋణపు లెక్కకు మేము ప్రమాణమైతిమి, వారు ప్రమాణమునకు తప్పినవారైరి. పంటకు అప్పు తీసికొన్న రైతు పంట చేతికి వచ్చినపుడు తీర్చునని గ్రహించి 1998లో కిసాన్ క్రెడిట్ కార్డు ఏర్పఱచిరి. ఇంటి అప్పునకు మాత్రము నెలనెలా కిస్తే. వానకాలపు రాబడి గలవానిని ఎండకాలమున గూడ వానకాలమువలె చెల్లింపుమనుట యిది.

మన శాస్త్రకారు లీ విషయమున అమాయకులు గారు. యాజ్ఞవల్క్యస్మృతిని తెఱచి చూడుడు. కుదువ యున్న అప్పునకు నెలకు ఎనుబదవ వంతు వడ్డీ. అనగా నూటికి నెలకు ఒకటింబావు, సాలుకు పదునైదు. అడవిదారుల వర్తకమునకు పోవువానికి నూటికి నెలకు పది, సముద్రముపై పోవువానికి ఇరువది. అపాయము హెచ్చినకొలది వడ్డీ హెచ్చుననునది నేటి బ్యాంకులు కనిపెట్టిన రహస్యము గాదు. కాని ఆ రెంటి నడుమ ఇంకొక మాట యున్నది. దానిని దాచిపెట్టి శాస్త్రమును పొగడుట మాకు చేతగాదు. కుదువ లేని అప్పునకు వర్ణక్రమమున రెండు, మూడు, నాలుగు, ఐదు చొప్పున వడ్డీ గైకొనవచ్చునట. అడవికి పోవువాని అపాయము అడవిలో నున్నది. నాలవ వర్ణమువాని అపాయ మెచ్చట నున్నది? వాని పుట్టుకలో నున్నదని ఋణదాత తలంచెను.

'పూర్వము మాటమీద అప్పులు పుట్టెడివి, నేడు కాగితము లేనిదే మనిషిని నమ్మరు' అని వగచువారు దీనిని మఱవరాదు. ఆ మాట ఎవరి మాట? ఎవరి యరుగుమీద కూర్చుండి చెప్పిన మాట? మా శిష్యుని తాత ఆ యరుగు ఎక్కుటకు వీలు లేని కులమువాడు. ఆయనకు పుట్టిన అప్పు ఏ ధరకు పుట్టెనో, దానికై ఎన్నేండ్లు ఒరుల చేలలో పనిచేసెనో ఆ యింటివారికి నేటికిని జ్ఞాపకము. ఎఱిగినవాని నమ్మకము తీయనిదే. కాని ఎఱుక సర్వసాధారణముగా తనవారితోనే ఆగిపోవును.

ఈ ఎఱుకను న్యాయమైన త్రోవను పెట్టవలెనని ప్రయత్నించినవారును కలరు. అనంతపురము చెన్నరాజధానిలో నున్న కాలమున, 1890 దశకములో, ఫ్రెడరిక్ నికల్సన్ అను అధికారి ఐరోపాలోని భూమి బ్యాంకులను, పరపతి సంఘములను పరిశీలించి గొప్ప నివేదిక వ్రాసెను. జర్మనీలో రైఫైజెన్ స్థాపించిన గ్రామసంఘములవంటివి ఇచ్చటను కావలెనని ఆయన మతము. ఒకరినొకరు ఎఱిగిన గ్రామస్థులు కలిసి, ఒకరి అప్పునకు అందఱును బాధ్యులై, మనుష్యుని నడవడినే కుదువగా నుంచుకొని ఋణమిచ్చుట ఆ పద్ధతికి ప్రాణము. 1904లో సహకార పరపతి సంఘముల చట్టము వచ్చెను. భావము గొప్పది. కాని యే యూరిలో సంఘము కొందఱి చేతులలోనికి పోయెనో ఆ యూరిలో నడవడిని తూచు త్రాసును వారి చేతులలోనికే పోయెను.

ఇందువలన కాగితమును నిందించుటకు మాకు నోరు రాదు. కాగితము కులమడుగదు. విధవయా, పరదేశియా అని చూడదు. వడ్డీవ్యాపారి నూటికి నెలకు రెండు రూపాయలడుగు మా ప్రాంతమున ఇరువది లక్షలకు వడ్డీయే నెలకు నలువదివేలగును. అసలు అట్లే నిలిచియుండును. అదే సొమ్ము బ్యాంకులో సాలుకు నూటికి తొమ్మిది చొప్పున ఇరువదియేండ్లకు దొరకినచో నెలకు రమారమి పదునెనిమిదివేలతో అసలును వడ్డీయు రెండును తీఱిపోవును. మఱియు కాగితము అప్పిచ్చినవానిని గూడ కట్టును. మాఱు వడ్డీకి వ్యక్తులు తీసికొన్న గృహఋణమును ముందుగా తీర్చినచో జుల్మానా వేయరాదని 2012లోనే రిజర్వు బ్యాంకు బ్యాంకులను శాసించెను. ఋణము తీఱిన ముప్పది దినములలో ఇంటి మూలపత్రములు తిరిగి యీయవలెను, తమ తప్పువలన ఆలస్యమైనచో దినమునకు 5,000 రూపాయలు పరిహారము చెల్లింపవలెను అను నియమము 2023 డిసెంబరు 1 నుండి అమలునకు వచ్చెను. అప్పు తీర్చినను ప్రామిసరీ నోటు కనబడలేదని తిప్పిన పాతకాలపు షావుకారును ఎఱిగినవారికి దీని విలువ తెలియును.

ఐతే కాగితము పుట్టుటకు గూడ ఒక పుట్టుక కావలెను. మా శిష్యునకు నల్లమాడలో ఇల్లున్నది గదా, దానిని కుదువ పెట్టరాదా అని మీరడుగవచ్చును. ఆ యిల్లు గ్రామకంఠములో నున్నది. మూడు తరములు అందులో పుట్టి పెరిగిరి. కాని అది వారిదని చెప్పు దస్తావేజు ఒక్కటియు లేదు. ఇట్టి యిండ్లకు ఆస్తి కార్డులీయవలెనని 2020 ఏప్రిల్ 24న స్వామిత్వ పథకము ఆరంభమైనది. కార్డు చేతికి రానంతవఱకు ఆ గోడలు బ్యాంకువారి కంటికి గోడలు గావు.

మేము అతనితోగూడ ఆ బ్యాంకునకు పోతిమి. మేనేజరు చిన్నవాడు, సజ్జనుడు, పైజిల్లావాడు. మా మాట సాంతము విని, "సార్, మీరు చెప్పేది నేను నమ్ముతున్నాను. కాని నా ఫైలు నమ్మదు" అనెను. ఆయనపై మాకు కోపము రాలేదు. కొన్నియేండ్లకొకమాఱు బదిలీయగు నుద్యోగి ఊరివారి నెట్లు ఎఱుగును? ఎఱిగినను, ఎఱిగితినని వ్రాసి సంతకము చేయుటకు ఆయన దస్త్రములో గడి లేదు. అప్పుడాయన మా శిష్యుని రిటర్నును మా చేతికిచ్చి చూడుమనెను. చూచితిమి. అచ్చట మా వాదము సగము కూలిపోయెను.

దుకాణమునకు ఆ యేడు వచ్చిన మొత్తము ఇరువది లక్షలు. రాగితీగయు, అద్దెయు, కుఱ్ఱవాని కూలియు పోగా నిజముగా మిగిలినది ఐదు లక్షలకు కొంచెము తక్కువ. రిటర్నులో చూపిన లాభము 1,60,000. ఇది యెట్లు? లెక్కల పుస్తకములు ఉంచుకొనలేని చిన్న వ్యాపారులకు చట్టము ఒక సులువు చూపినది: మొత్తము రాబడిలో నూటికి ఎనిమిది వంతులు, బ్యాంకు ద్వారా వచ్చిన సొమ్మునకు ఆఱు వంతులు లాభమని చూపి లెక్క తేల్చుకొనవచ్చును. నిజలాభము అంతకు మించియున్నచో ఎక్కువయే చూపవలెనన్న సంగతి చెప్పువారు తక్కువ. రిటర్ను వ్రాసిపెట్టినవాడు అలవాటుచొప్పున ఎనిమిది వంతులు కట్టి, రుసుము పుచ్చుకొని పంపివేసెను. ఇప్పుడు బ్యాంకు చేసిన పాపమేమి? నెలకు పదుమూడువేల చిల్లర ఆదాయమని తానే ప్రభుత్వమునకు వ్రాసియిచ్చినవాడు నెలకు పదునెనిమిదివేలు కిస్తు కట్టుదునని వచ్చి నిలుచున్నాడు.

విచిత్రమేమనగా ఐదు లక్షలని నిజము వ్రాసియుండినను అతనికి పన్ను పడెడిది గాదు. క్రొత్త పన్ను విధానమున అప్పటికే ఏడు లక్షల ఆదాయము వఱకు పన్ను రిబేటులో పోవుచుండెను. 2025–26 ఆర్థిక సంవత్సరమునుండి అది పండ్రెండు లక్షలైనది. దొంగతనమునకు లాభము పోయినను అలవాటు పోలేదు. ఇది అతని యొక్కని నేరము గాదు. మన యిండ్లలో పన్నువానికి ఒక రాబడి, పెండ్లి సంబంధమువారికి ఒక రాబడి, అప్పడుగు బంధువునకు ఒక రాబడి చెప్పుట తెలివి యనిపించుకొన్నది. ఇన్ని నాలుకలతో మాటాడి, తుదకు ఒకడు మన మాట నమ్మలేదని కోపపడుచున్నాము. అతనికి ఈ సంగతి చెప్పినపుడు మాఱుమాటాడక తల వంచుకొనెను. బడిలో ఎక్కము తప్పినపుడును అట్లే నిలుచుండెడివాడు.

వారము తిరుగకమున్నే మఱల వచ్చెను. ఈ మాఱు మూడు ఉపాయములతో వచ్చెను.

మొదటిది ఒక మధ్యవర్తి చెప్పినది. తెలిసినవారి కంపెనీలో ఉద్యోగియైనట్లు జీతపు చీటీలు పుట్టించి, ఆఱు నెలలు తన సొమ్మునే జీతమువలె తన ఖాతాలో పడునట్లు చేసినచో బ్యాంకు వెంటనే యిచ్చునట. "ఎవరికి నష్టము సార్? కిస్తు నేను కట్టేదే గద" అనెను. ఈ ప్రశ్న చిన్నది గాదు. ఎగవేయు తలంపు లేని యబద్ధము తప్పా? తప్పేయని మా నిశ్చయము, చట్టమునకు వెఱచి మాత్రమే గాదు. అమెరికాలో సరిగా మా శిష్యునివంటి స్వతంత్రవృత్తులవారి కొఱకే, చీటీలు చూపలేనివారు నోటితో చెప్పిన రాబడినే లెక్కకు గైకొను గృహఋణములు పుట్టినవి. మొదట అవి నిజాయితీపరుల కుపకరించెను. పిమ్మట ఎవడు ఎంత చెప్పిన అంతయు రాబడి యయ్యెను. జనులే వానికి అబద్ధికుల అప్పులని పేరు పెట్టిరి. 2007, 2008లలో కూలిన ఇండ్ల యప్పుల మేడలో అవియు కొన్ని యిటుకలు. తరువాత 2014లో అచ్చటను, ఇంగ్లండులోను రాబడి ఋజువు లేనిదే గృహఋణ మీయరాదను నియమములు అమలునకు వచ్చెను. అనగా ఒకప్పటి యబద్ధపు జీతపు చీటీల వెల నేడు చెల్లించువాడు నిజమైన రాబడి గల క్రొత్తవాడు. మా శిష్యుడు ఈ చీటీ పుట్టించినచో రేపు కదిరిలో కుట్టుమిషను పెట్టుకొను ఆడపడుచును బ్యాంకువారు ఇంకొక యేడు ఉండి రమ్మందురు.

అడుగక ఇచ్చుట దయ యనుకొనువారికి దూరదేశపు నిదర్శన మక్కఱలేదు. 2010లో మన రాష్ట్రముననే సూక్ష్మఋణ సంస్థలు ఒకే గడపలో నాలుగైదు అప్పులు దించి, వారము వారము వచ్చి కూర్చుండగా, ఆ యక్టోబరులో ప్రభుత్వము ఆర్డినెన్సు తేవలసి వచ్చెను. తీర్చగలడా యని చూడక ఇచ్చిన అప్పు పుచ్చుకొన్నవాని మెడకే చుట్టుకొనును.

రెండవ యుపాయము ఇల్లు మా పేర కొని, మా జీతముమీద మేము ఋణము తీసికొనుట. కిస్తు అతడు కట్టుట. ఇది బినామీ. 1988లో పుట్టి 2016లో పదునెక్కిన చట్టమున్నది. అంతకంటె ముఖ్యముగా, మేము రేపు కన్నుమూసినచో మా వారసులకును అతని బిడ్డలకును వ్యాజ్యెము మిగులును. దీనిని అతడే నవ్వి విడిచిపెట్టెను.

మూడవది జామీను. ఇచ్చటనే మేము చిక్కితిమి. అతని తల్లి తానే వచ్చి మా వాకిట కూర్చుండి, "అయ్యవారూ, మా వాన్ని సిన్నప్పటినుంచి సూసినారు. మీరే నమ్మకుంటే ఇంగెవురు నమ్ముతారు?" అనెను. మేము నమ్ముచునే యున్నాము. కాని సంతకము పెట్టుటకు చేయి రాలేదు.

యాజ్ఞవల్క్యుడు ప్రతిభువులను, అనగా జామీనుదారులను, మూడు విధములుగా చెప్పెను. పిలిచినపుడు మనుష్యుని తెచ్చి నిలుపుదునను దర్శన ప్రతిభువు ఒకడు. ఇతడు నమ్మదగినవాడని చెప్పు ప్రత్యయ ప్రతిభువు ఒకడు. ఇతడీయకున్న నేనిచ్చెదనను దాన ప్రతిభువు ఒకడు. మూడవవాడు చనిపోయినచో అతని కొడుకులును చెల్లింపవలెను. మొదటి ఇద్దరి కొడుకులకు ఆ భారము లేదు. నమ్మకము చెప్పుటకును సొమ్ము చెల్లించుటకును ఇట్లు భేదము చూపుట మాకు మిక్కిలి వివేకముగ తోచును. నేటి యప్పుపత్రములలో రెండవవానికి చోటు లేదు. 1872 కాంట్రాక్టు చట్టము ప్రకారము, ఒడంబడికలో వేఱుగా వ్రాసికొననిచో, జామీనుదారు బాధ్యత అసలు ఋణస్థుని బాధ్యతతో సరిసమానము. మేము ప్రత్యయ ప్రతిభువులుగా నూఱుమాఱులు సంతకము చేయుదుము. దాన ప్రతిభువులుగా ఇరువది లక్షలకు చేయుట యనగా మా కూతురి చదువును అతని దుకాణమునకు కట్టివేయుట.

మా గృహిణి ఒక్క మాటయే యనెను: "ఆ పిల్లవాడు మంచివాడే. మంచివాళ్లకు కూడా జబ్బులొస్తాయి కదండీ."

రెండు రాత్రులు నిదుర పట్టలేదు. మూడవనాడు మేనేజరును అడుగగా, ఆదాయము చాలనిచోట జామీను ఎంతటిదైనను దాని లోటు తీర్చదనెను. ఆ మాట విన్నపుడు మాకు కలిగినది విచారము గాదు, ఊరట. వీథిలోనికి వచ్చి నాలుగడుగులు వేసిన పిమ్మట ఆ యూరటను గుఱుతించి సిగ్గుపడితిమి. అతని తల్లికి 'బ్యాంకువారే ఒప్పుకొనలేదమ్మా' అని చెప్పితిమి. అది నిజమే. కాని వారు ఒప్పుకొనియుండినచో ఏమి చేసియుందుమో మేము ఆమెకు చెప్పలేదు. మాకును తెలియదు. ఫైలు నమ్మదని చెప్పిన ఆ చిన్నవానికిని మాకును భేదమెంత యని అప్పటినుండి ఆలోచించుచున్నాము. ఆయనకు ఫైలు అడ్డము వచ్చినది. మాకు ఆయన అడ్డము వచ్చెను.

తుదకు కుదిరినది భోగ్యము. రాయలసీమవారికి దీనిని వివరింప నక్కఱలేదు. ఉత్తరపు జిల్లాల పాఠకుల కొఱకు చెప్పుచున్నాము. ఇంటి యజమానునకు ఒక మొత్తము ముందుగా ఇచ్చి, అద్దె లేకయే ఆ యింట కాపురముండుట. గడువు తీఱగనే అతడు ఆ మొత్తమును వడ్డీ లేకయే తిరిగి యిచ్చుట. వడ్డీకి బదులు నివాసము. స్మృతులలోని భోగ్యాధి యిదియే. 1882 ఆస్తి బదిలీ చట్టమును తనఖాలలో నిట్టి తెగ నొకదానిని చెప్పుచున్నది. వింత యేమనగా, ఆంగ్లములోని 'మార్ట్‌గేజి' యను మాటకు చచ్చిన కుదువ యని యర్థము. కుదువనుండి వచ్చిన ఫలము అప్పులో జమ పడినచో బ్రదికిన కుదువ, జమపడకున్నచో చచ్చిన కుదువ యని పండ్రెండవ శతాబ్దపు ఇంగ్లీషు ధర్మశాస్త్రగ్రంథము చెప్పినది. ఆ లెక్కను మన భోగ్యమే అసలైన మార్ట్‌గేజి. మా శిష్యుని పిల్లలు ఇప్పుడు కదిరిలో చచ్చిన కుదువయం దాడుకొనుచున్నారు.

భోగ్యము ఆఱు లక్షలు, మూడేండ్లు. అతనియొద్ద ఐదున్నవి. తక్కిన లక్ష మేమిచ్చితిమి. తిరిగి రాకున్నను మా యిల్లు గడచునని తోచిన మొత్తమది. అంతవఱకే మా ప్రత్యయమునకు ధైర్యము చాలినది. అతడు వలదన్నను వినక నోటు వ్రాసియిచ్చెను. నెలకు మూడువేలు తీర్చుచున్నాడు. దుకాణములో ఎఱ్ఱ అట్ట లెక్కల పుస్తకమొకటి వచ్చినది; కుఱ్ఱవాడు అయిదు రూపాయల మేకు కొన్నను అందు ఎక్కును. గడచిన యేటి రిటర్నులో నిజలాభమంతయు చూపెను. ఇంకొకటి చేరవలసియున్నది. ఈ లోపల కదిరి యిండ్ల ధరలు అతనికై నిలిచియుండవు. ఆనాడు చూచుకొన్న యిల్లు వేఱొకరికి అమ్ముడుపోయినది. పోయినది పోయినదే. ఏటేట పెరుగుచున్న రాబడి గల క్రొత్తవృత్తివానికి, ఒక్క యేటి లెక్కయైనను నిజముగా నున్నచో, మొదట చిన్న ఋణమిచ్చి నడవడి చూచి పెంచు మార్గము బ్యాంకులు తెఱచియుంచిన బాగుండును. దుకాణమును చూచి, రోకడిని లెక్కించి ఋణమిచ్చు గృహఋణ సంస్థలు కొన్ని కలవు. వాని వడ్డీ హెచ్చు. మా శిష్యుడు ఆ లెక్క వేసికొని ఆగుటయే మేలనుకొనెను.

భోగ్యపత్రము వ్రాసిన దినమున జరిగిన చిన్న సంగతి యొకటి మిగిలినది. నూఱు రూపాయలకు మించిన ఇట్టి తనఖా రిజిస్టరు కావలెనని చట్టము. మా ప్రాంతమున ఎక్కువమంది ముద్రకాగితముమీద వ్రాసికొని సరిపెట్టుకొందురు. ఇల్లు అదివఱకే ఎచ్చటనైన తాకట్టులో నున్నచో కాపురమున్నవాని సొమ్మునకు దిక్కుండదు. మా శిష్యుడు ముందుగనే ఇ.సి. తీయించి, రిజిస్ట్రేషను ఆఫీసునకు పోవలసినదేయని పట్టుబట్టెను. ఇంటి యజమాని నెలజీతపు ఉద్యోగి, పెద్దమనుష్యుడు. ఇన్నాళ్లు తాను భోగ్యమునకిచ్చినవారెవరును ఇట్లడుగలేదని నొచ్చుకొనెను.

"నన్ను నమ్మవా నాయనా? నెలకు డెబ్బై వేల జీతమయ్యా నాది" అనెను.

"నమ్ముతా సార్" అని మా శిష్యుడు ఇ.సి. కాగితమును మడిచి జేబులో పెట్టుకొనెను. "జీతము సంగతి నాకెందుకు సార్? ఇల్లు మీదేనా, దీనిమీద ఇంగెవురి అప్పన్నా ఉందా, అంతే సూసుకున్నా."

ఆయన మావంక చూచెను. మేము కిటికీవంక చూచితిమి. పిమ్మట మువ్వురమును ఆటో ఎక్కి రిజిస్ట్రేషను ఆఫీసునకు పోతిమి.